ఫోను కొనేముందు ఒకసారి మేడ ఎక్కండి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నారు. లోపలి గదిలో కాల్స్ తెగిపోతున్నాయి. అమలాపురం దగ్గరి పల్లెలో ఉన్న అమ్మగారికి ఫోను చేస్తే సగం సార్లు అందుబాటులో లేరనే మాటే వినిపిస్తోంది. పాతిక వేలు పెట్టి కొత్త 5జీ ఫోను కొనాలా, నంబరును వేరే కంపెనీకి మార్చాలా, మారిస్తే దేనికి, అమెరికాలో ఉన్న తమ్ముడు పంపిస్తానంటున్న ఫోను ఇక్కడ పనిచేస్తుందా అని మీ సందేహాలు.

పంతొమ్మిదేళ్లు టవర్ల చుట్టూ తిరిగిన ఉద్యోగం నాది. మొదట టవర్ల నిర్వహణ, తరువాత సిగ్నల్ కొలిచే పని. కారులో ల్యాప్‌టాప్, నాలుగైదు ఫోన్లు పెట్టుకుని వీధి వీధీ తిరగడాన్ని మేము డ్రైవ్ టెస్ట్ అనేవాళ్లం. ఒకటికి రెండు కంపెనీల పనులు చేశాను కాబట్టి ఎవరి మీదా ప్రేమ లేదు, పగా లేదు. ఆ పాతిక వేలు మాత్రం ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉంచండి.

ఏ నెట్‌వర్క్ మంచిది అన్న ప్రశ్నకు రాష్ట్రం మొత్తానికీ సరిపోయే జవాబు లేదు. బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా. ఒక వీధిలో తియ్యగా ఉంటాయి, రెండు వీధుల అవతల నోట పెట్టలేము. సిగ్నల్ కూడా అంతే. మీ సహోద్యోగి ఫలానా కంపెనీ అద్భుతం అన్నాడంటే అతని ఇంటి దగ్గర ఆ కంపెనీ టవరు బాగుందని అర్థం. మీ ఇంటి సంగతి అతనికి తెలియదు.

మీ ఇంట్లో కూడా ఒక గదికీ మరో గదికీ తేడా ఉంటుంది. చాలా ఏళ్ల క్రితం కూకట్‌పల్లి వైపు ఒక అపార్ట్‌మెంట్‌కు ఫిర్యాదు మీద వెళ్లాను. ఒక పెద్దాయన మూడు నెలలుగా ఫోను చేసి విసిగిపోయి ఉన్నారు. హాలులో సిగ్నల్ బాగుంది, వంటింట్లో ఇంకా బాగుంది. ఆయన పడకగదిలోకి అడుగు పెట్టగానే నా చేతిలోని ఫోనులో అంకె ఇరవై డెసిబెల్స్ పడిపోయింది. కాగితం మీద అది చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ లెక్కలో సిగ్నల్ నూరో వంతుకు తగ్గిందని అర్థం. టవరుకూ ఆ గదికీ మధ్య లిఫ్టు గోడ అడ్డంగా ఉంది. అది చాలదన్నట్టు మంచం తలవైపు ఇనుప బీరువా. లిఫ్టును జరపలేము కాబట్టి బీరువానూ మంచాన్నీ జరిపించాము. తల కిటికీ వైపుకు వచ్చింది, కాల్స్ నిలబడ్డాయి. ఆయన నవ్వాలో కోప్పడాలో తెలియక కాఫీ ఇచ్చి పంపించారు.

అందుకే మొదటి పని మేడ ఎక్కడం. చుట్టూ చూడండి. దగ్గరలోని టవర్ల మీద నిలువుగా పలకల్లా ఉండేవి మీ ఫోనుతో మాట్లాడే యాంటెన్నాలు. సాధారణంగా మూడు దిక్కులకు మూడు ముఖాలుగా బిగిస్తారు. ఒక పలక మీ ఇంటి వైపు సూటిగా చూస్తోందా, లేక మీ ఇల్లు రెండు పలకల మధ్య సందులో పడిందా అన్నది గమనించండి. సందులో పడితే ఫోను రెండు ముఖాల మధ్య ఊగిసలాడుతుంది. టవరు కింద కూర్చున్నట్టే ఉన్నా మాట తెగిపోతోందని కొందరు ఆశ్చర్యపోవడానికి ఒక కారణం ఇదే. పలకలను కొంచెం కిందికి వంచి బిగిస్తారు కానీ వాటి వెలుగు దూరానికే పడుతుంది. దీపపు స్తంభం మొదట్లో చీకటి ఉన్నట్టు టవరు మొదట్లో ఉన్న ఇంటికి అది సరిగ్గా అందకపోవచ్చు.

అదే టవరు మీద డప్పుల్లా గుండ్రంగా ఉండేవి వేరు. మా వాళ్లు వాటిని డ్రమ్ములనే అంటారు. ఆ టవరును మరో టవరుతో కలిపే మైక్రోవేవ్ లింకులు అవి. టవరుకు నేలలోంచి ఫైబర్ తీగ వస్తే ఎంత డేటా అయినా మోస్తుంది. డ్రమ్ము మీదే ఆధారపడితే అది మోయగల డేటాకు ఒక హద్దు ఉంటుంది. పల్లెల్లో సిగ్నల్ నిండుగా కనిపిస్తూ వీడియో మాత్రం గిరగిరా తిరుగుతుంటే చాలాసార్లు ఇబ్బంది అక్కడే ఉంటుంది. ఫోను మార్చినా ఏమీ మారదు.

టవరు కనిపించింది కదా అని అది మీ కంపెనీదే అనుకోకండి. ఇండస్ టవర్స్ వంటి సంస్థలు టవరు నిలబెడతాయి, టెలికాం కంపెనీలు అందులో అద్దెకు ఉంటాయి. ఎవరెవరు ఉన్నారో తెలుసుకోవడానికి కేంద్ర టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ వెబ్‌సైట్ చూడండి. రేడియేషన్ గురించి జనానికి ఉన్న భయాలు తీర్చడానికి దాన్ని 2017లో మొదలుపెట్టారు. మీ ప్రాంతం వెతికితే చుట్టూ ఉన్న టవర్లు, వాటిలో ఏ కంపెనీ ఏ టెక్నాలజీ నడుపుతోందో కనిపిస్తుంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల ప్రకారం కంపెనీలు కూడా తమ కవరేజీ మ్యాపులను వెబ్‌సైట్లలో పెట్టాలి. చూడండి, కానీ మ్యాపులో రంగు ఉన్నంత మాత్రాన మీ లోపలి గదిలో సిగ్నల్ ఉన్నట్టు కాదు.

రెండో పని కొలవడం. గీతలు లెక్కపెట్టవద్దు. ఎంత సిగ్నల్‌కు ఎన్ని గీతలు చూపాలో ఫోను తయారుచేసినవారే నిర్ణయించుకుంటారు. ఒక ఫోనులో మూడు గీతలు, అదే చోట మరో ఫోనులో రెండు గీతలు ఉన్నాయంటే మొదటిది మంచిదని కాదు, కొంచెం గొప్పలు చెబుతోందని కూడా అర్థం కావచ్చు. ఆండ్రాయిడ్ ఫోనులో సెట్టింగ్స్‌కు వెళ్లి, ఫోను వివరాలు ఉండే చోట సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో ఉంటుంది. అది ఎప్పుడూ మైనస్ అంకె, మైనస్ పక్కన సంఖ్య ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత మంచిది. మైనస్ 85 లోపు ఉంటే హాయిగా ఉండవచ్చు. మైనస్ 100 వరకు పని జరుగుతుంది. మైనస్ 110 దాటితే మాట తెగడం మొదలవుతుంది, 120 దగ్గర ఫోను ఊపిరి బిగబట్టి వేలాడుతుంటుంది. బ్యాటరీ తొందరగా అయిపోయేది కూడా ఇలాంటి చోటే. టవరుకు వినపడాలని ఫోను గట్టిగా అరుస్తుంది మరి.

ఇప్పుడు మీరు మారాలనుకుంటున్న కంపెనీ ప్రీపెయిడ్ సిమ్ ఒకటి నెలరోజుల చిన్న ప్లాన్‌తో తీసుకుని మీ ఫోనులోనే రెండో సిమ్‌గా పెట్టండి. ఒకే ఫోనులో రెండు సిమ్‌లు ఉంటేనే పోలిక న్యాయంగా ఉంటుంది. ఒక కాగితం మీద మీరు ఎక్కువసేపు ఉండే చోట్లు రాసుకోండి: పని చేసుకునే బల్ల, పడకగది, వంటిల్లు, కింద పార్కింగ్, రోజూ వెళ్లే దారిలో ఎప్పుడూ కాల్ తెగే మలుపు. ఒక్కో చోట రెండు సిమ్‌ల అంకెలూ రాయండి. తరువాత ఉదయం పదకొండుకు ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేయండి. రాత్రి తొమ్మిది ముఖ్యం. అపార్ట్‌మెంట్ మొత్తం వీడియోలు చూసే వేళ అది. పొద్దున 60 ఎంబీపీఎస్ వచ్చి రాత్రికి 2కు పడిపోయే నెట్‌వర్క్ కన్నా, రెండు పూటలా 15 వచ్చే నెట్‌వర్క్ మీ ఉద్యోగానికి మేలు. వీడియో మీటింగుకు కావలసింది పెద్ద అంకె కాదు, నిలకడ. డౌన్‌లోడ్ ఒక్కటే కాకుండా అప్‌లోడ్ కూడా చూడండి. మీ ముఖం, మీ గొంతు అవతలికి వెళ్లేది దాని మీదే.

ఒక చిన్న పరీక్ష ఇప్పుడే చేయవచ్చు. ఎవరికైనా కాల్ చేసి, మోగుతుండగా స్క్రీన్ పైభాగం చూడండి. 4జీ అన్న గుర్తు పోయి ఇంకేదో అక్షరం వస్తే మీ ఫోనులో వోల్టీ, అంటే కాల్‌ను 4జీ మీదే నడిపే పద్ధతి, పనిచేయడం లేదు. ప్రతి కాల్‌కూ పాత 2జీకి దిగి వెళుతోంది. కాల్ కలవడానికి పది సెకన్లు పట్టడం, మాట్లాడుతుంటే ఇంటర్నెట్ ఆగిపోవడం దీని లక్షణాలు. సెట్టింగ్స్‌లో ఆ బటన్ ఆన్ చేస్తే చాలాసార్లు తీరిపోతుంది. నా పాత ఫోనుకు ఒక అప్‌డేట్ తరువాత అది దానంతట అదే ఆఫ్ అయిపోయింది. సిగ్నల్ పనిలో ఉన్న నేనే వారం రోజులు నెట్‌వర్క్‌ను తిట్టుకున్నాను.

మీ మియాపూర్ ఇంటికి నా సలహా: ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉందని రాశారు కాబట్టి వైఫై కాలింగ్ ఆన్ చేయండి. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో దీన్ని మొదలుపెట్టాయి. కాల్ మీ ఇంటి వైఫై మీదుగా వెళుతుంది, నంబరు అదే, అదనపు చార్జీ లేదు. లోపలి గది ఇబ్బంది పైసా ఖర్చు లేకుండా తీరే అవకాశం ఎక్కువ. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది కాబట్టి రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి తీసుకోండి.

సిగ్నల్ బూస్టర్ పెట్టుకోమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. కంపెనీ ప్రమేయం లేకుండా అవి పెట్టడం చట్టవిరుద్ధం. అంతకన్నా నాకు కోపం తెప్పించే సంగతి వేరే ఉంది. మేము రోజుల తరబడి ఒక కాలనీలో కాల్స్ ఎందుకు తెగుతున్నాయో తెలియక తిరుగుతాము, చివరికి చూస్తే ఎవరి మేడ మీదో ఒక పెట్టె, దానికో యాంటెన్నా. అది ఆ ఇంటికి సిగ్నల్ పెంచి, చుట్టూ వందల ఇళ్లకు పాడుచేస్తుంది. మీ కాలనీలో ఉందేమో కూడా మేడ ఎక్కినప్పుడు చూడండి.

ఇక అమ్మగారి ఊరు. అక్కడ లెక్క వేరు. కొబ్బరి తోటల మధ్య ఇల్లు అంటే తడి ఆకులు సిగ్నల్‌ను మింగుతాయి, వానాకాలంలో మరీ. తక్కువ ఫ్రీక్వెన్సీ అయితే దూరం వెళుతుంది, అడ్డంకులను బాగా దాటుతుంది. 700, 850, 900 మెగాహెర్ట్జ్ అలాంటివి. 2300, 3300 అంటే వేగం ఉంటుంది కానీ ఓపిక ఉండదు, రెండు తోటలు దాటేసరికి నీరసిస్తుంది. పెంకుటిల్లు అయితే సిగ్నల్ లోపలికి బాగానే దిగుతుంది, కొత్త స్లాబు ఇంట్లో తగ్గుతుంది. అరుగు మీద ఒక చోటు చూసి ఫోను అక్కడే పెట్టే అలవాటు చేయగలిగితే సగం పని అయినట్టే.

పల్లెలో నెట్‌వర్క్ ఎంచుకునేటప్పుడు నేను పక్కింటివాళ్లను ఒకే ప్రశ్న అడుగుతాను: కరెంటు పోయాక ఎంతసేపటికి సిగ్నల్ పోతుంది? ప్రకటనల్లో ఏ కంపెనీ చెప్పని సంగతి ఇది. టవరుకు బ్యాటరీలు ఉంటాయి, కొన్నింటికి డీజిల్ జనరేటర్ ఉంటుంది. బ్యాటరీలు ముసలివైతే గంట కూడా నిలవవు. కొన్ని చోట్ల బ్యాటరీలు దొంగలపాలు అవుతాయి. డీజిల్ పోసే మనిషి రాకపోతే జనరేటర్ ఉన్నా లేనట్టే. మీరు ఫోను చేసినప్పుడు అమ్మగారు అందుబాటులో లేరని వచ్చిన రోజులను, అక్కడ కరెంటు పోయిన రోజులతో ఒకసారి పోల్చి చూడండి. రెండూ ఒకటే అయితే ఆవిడ ఫోనులో దోషం లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు నేను ఆ పనిలోనే ఉన్నాను. టవర్లు విరిగినవి కొన్ని, పడిన చెట్లతో తీగలు తెగినవి కొన్ని. నిలబడి ఉండి కూడా మూగబోయినవి అంతకన్నా ఎక్కువ, కరెంటు లేక. రోడ్ల మీద చెట్లు పడి బండ్లు వెళ్లలేని చోటికి మోటారు సైకిలు మీద, కాలినడకన డీజిల్ డబ్బాలు మోశాము. ఒక టవరు దగ్గర జనరేటర్ అందుకున్న పది నిమిషాలకు, పక్కనున్న టీ కొట్టు దగ్గర నిలబడ్డ వాళ్ల ఫోన్లు ఒక్కసారిగా మోగడం మొదలైంది. రెండు రోజులుగా ఆగిపోయిన మెసేజ్‌లు అన్నీ ఒకేసారి దిగుతున్నాయి. అప్పటినుంచి ఎవరు ఏ కంపెనీ మంచిదని అడిగినా నేను ముందు కరెంటు గురించే మాట్లాడతాను.

కోనసీమ కూడా తుపాన్ల దారిలో ఉన్నదే కాబట్టి అమ్మగారికి రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు ఉండటం మంచిది. అయితే ఆ రెండూ ఒకే టవరులో అద్దెకు ఉన్నవి కాకుండా చూడండి. ఒకే టవరు అయితే ఇద్దరూ ఒకేసారి మూగబోతారు. పైన చెప్పిన తరంగ్ సంచార్ ఇక్కడ మళ్లీ పనికివస్తుంది. రెండో సిమ్‌కు డేటా అక్కరలేదు. 2024 డిసెంబరులో ట్రాయ్ ఇచ్చిన ఆదేశంతో కంపెనీలు కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు పెట్టాయి. దుకాణంలో అడిగితేనే చెబుతారు, అడగకపోతే డేటా ప్లాన్ అంటగడతారు.

ఆవిడ వాడేది పాత బటన్ల ఫోనా అన్నది మీరు రాయలేదు. 2జీ మాత్రమే ఉన్న ఫోను అయితే జియో అందులో పనిచేయదు, ఆ కంపెనీకి 2జీ నెట్‌వర్కే లేదు. ఎయిర్‌టెల్, వీ (వొడాఫోన్ ఐడియా), బీఎస్ఎన్ఎల్‌లకు ఉంది. బీఎస్ఎన్ఎల్ గురించి చాలామంది అడుగుతున్నారు. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు చార్జీలు పెంచినప్పుడు చాలామంది అటు వెళ్లారు. స్వదేశీ పరిజ్ఞానంతో కట్టిన దాని 4జీని 2025 సెప్టెంబరులో అధికారికంగా ప్రారంభించారు. ఊరిని బట్టి బాగుంటుంది, లేదా అసలు బాగుండదు. నెలరోజుల పరీక్ష సిమ్ పద్ధతి దానికీ వర్తిస్తుంది. ఇంట్లో పాత బీఎస్ఎన్ఎల్ సిమ్ ఉంటే దాన్ని 4జీ సిమ్‌గా మార్పించకుండా తీర్పు చెప్పకండి.

కొత్త ఫోను కొనే తీరాలనుకుంటే కెమెరా కన్నా ముందు బ్యాండ్ల జాబితా, అంటే ఆ ఫోను అందుకోగల ఫ్రీక్వెన్సీల జాబితా చూడండి. కంపెనీ వెబ్‌సైట్‌లో అన్నిటికన్నా అడుగున, ఎవరూ చదవని చోట ఉంటుంది. 4జీలో 1, 3, 5, 8, 28, 40, 41 బ్యాండ్లు, 5జీలో ఎన్28, ఎన్78 ఉంటే మన దగ్గర ఏ కంపెనీకి మారినా చిక్కు రాదు. ముఖ్యంగా 28 చూడండి, అదే 700 మెగాహెర్ట్జ్. జియో 5జీకి, బీఎస్ఎన్ఎల్ 4జీకి అది ఆయువుపట్టు. 5జీ రాసి ఉన్నంత మాత్రాన చాలదు. జియో 5జీ మొదటినుంచీ దేని ఆసరా లేకుండా నడిచే స్టాండలోన్ పద్ధతిలో ఉంది, ఎయిర్‌టెల్ 4జీ ఆసరాతో నడిచే పద్ధతిలో మొదలుపెట్టింది. ఫోనులో రెండు పద్ధతులూ ఉండాలి. మీ ఇంట్లో 5జీ వస్తూ పోతూ ఉంటే సెట్టింగ్స్‌లో 4జీకి కట్టేయండి. ఊగిసలాట తగ్గి కాల్స్ కుదుటపడతాయి, బ్యాటరీ కూడా మిగులుతుంది. లోహపు రేకు ఉన్న, అయస్కాంతం మూత ఉన్న కవర్లు తీసేసి కూడా ఒకసారి అంకె చూడండి.

తమ్ముడు పంపే ఫోను విషయంలో మూడు చిక్కులు ఉంటాయి. అక్కడి కంపెనీ దగ్గర వాయిదాల మీద తీసుకున్నదైతే ఆ కంపెనీకే తాళం వేసి ఉంటుంది, తాళం తీయించకుండా మన సిమ్ పనిచేయదు. అమెరికాలో అమ్మే ఐఫోన్ 14 నుంచి సిమ్ పెట్టే అరే లేదు, ఫోను లోపలే ఉండే ఈసిమ్ మాత్రమే. అది మీకు అలవాటే కావచ్చు, కానీ ఫోను చెడిపోయిన రోజు సిమ్ తీసి మరో ఫోనులో వేసుకునే సౌకర్యం పోతుంది. అక్కడి ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్నింటికి మన బ్యాండ్లు ఉన్నా మన కంపెనీల వోల్టీ, వైఫై కాలింగ్ పనిచేయవు. మోడల్ నంబరు అడిగి తెలుసుకోండి, మోడల్ పేరు చాలదు. పేరు ఒకటే అయినా దేశాన్ని బట్టి నంబరు, దానితో బ్యాండ్లు మారతాయి.

పరీక్ష అయ్యాక మారాలనే తేలితే పని సులువే. ఇంగ్లిషులో పోర్ట్ అని టైపు చేసి, ఖాళీ వదిలి మీ నంబరు రాసి 1900కు మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది. నాలుగు రోజుల్లో దాన్ని కొత్త కంపెనీ దగ్గర వాడాలి. ఇప్పుడున్న కంపెనీలో మీకు 90 రోజులు నిండి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ అయితే బాకీ ఉండకూడదు. సిమ్ ఈ మధ్యే మార్పించుకుని ఉంటే ఏడు రోజులు ఆగాలి. రాష్ట్రాలు రెండైనా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంకా ఒకే సర్కిల్. కాబట్టి మీది అమలాపురంలో తీసుకున్న నంబరైనా మియాపూర్‌లో మూడు పనిదినాల్లో మారుతుంది. పాత సిమ్‌లోని మిగిలిన ప్లాన్ మాత్రం పోతుంది. అది అయిపోయే వారంలో మొదలుపెట్టండి. బ్యాంకు ఓటీపీలతో పని ఉన్న రోజు పెట్టుకోకండి.

కోడ్ అడగగానే ఇప్పటి కంపెనీ నుంచి ఎవరో మర్యాదగా ఫోను చేసి తక్కువ ధరకు ప్లాన్ ఇస్తామంటారు. అది వద్దు, మా సెక్టార్ (మీ ఇంటి వైపు చూసే పలక) చూడమని టికెట్ వేయండి అనండి. కాల్స్ తెగే చోటు, సమయం, మీరు రాసుకున్న డీబీఎం అంకెలు చెప్పండి. 198కి చేసే ఫిర్యాదులోనూ ఇవే చెప్పి నంబరు తీసుకోండి, జవాబు సరిగా లేకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అధికారికి వెళ్లవచ్చు. సిగ్నల్ రావడం లేదన్న ఫిర్యాదును మేము కాగితాల కట్టలో వెనక్కి నెట్టేవాళ్లం, ఒప్పుకుంటున్నాను. పలానా బ్లాకు మూడో అంతస్తు, ఉత్తరం గది, రాత్రి తొమ్మిదికి మైనస్ 114 అని రాసినది వస్తే మాత్రం ఎవరో ఒకరు టవరు ఎక్కి ఆ పలకను రెండు డిగ్రీలు తిప్పి చూసేవారు. మీ కాగితం నిండాక ఆ అంకెలు నాకూ చెప్పండి, అమ్మగారి ఊరివి కూడా.